కొలమ్ వాళ్ల ఇంటిపేరు

"టీ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టు నాబ్లా," అన్నాడు కొలమ్, కాగితాల మీంచి తలెత్తకుండానే. పెట్టింది. పెట్టక చస్తుందా? కోళ్లకి మేత, పొయ్యికి బొగ్గు, అత్తగారికి మందులు, అన్నీ అయ్యాక ఆ బల్ల దగ్గరే కూర్చుని మొగుడి వంశవృక్షం శుభ్రంగా ఎత్తి రాయాలి. ఆదివారం చర్చి హాల్లో మక్‌డొనా ఇంటిపేరు వాళ్లందరి కలయిక, అక్కడ దాన్ని గోడకి తగిలిస్తారు. మూడు నెలలుగా ఇంటిపేరు పుట్టుక తవ్వడమే కొలమ్‌కి పని. డొన్నహా అనే మూలపురుషుడి సంతానమట వీళ్లు. తమ భాష రాని ఇంగ్లీషు గుమాస్తాలు ఒకచోట మక్‌డొనా అని, ఒకచోట డొనగీ అని, ఇంకోచోట డొనో అని ఎవడికి తోచినట్టు వాడు రాశాడట. వంశవృక్షంలో ప్రతి రూపానికీ ఓ గడి ఉంది.

"ఆడవాళ్లకి 'భార్య' అని రాస్తే చాలు. చోటు లేదు."

"నా ఒక్క పేరైనా రాసుకోనా?"

"ఇంటిపేరు నిలబెట్టినవాళ్లదే వంశం. మీ పుట్టింటిది నీతోనే ఆగిపోయిందిగా!"

అవును, ఆగిపోయింది. ఆ ఇంటిపేరు మ్వీల్‌కీరాన్, అంటే కీరాన్ మహాత్ముడి దాసులు. ఆ మాట చెప్పేటప్పుడు నాన్న ఛాతీ పొంగేది. ఆయనకి మగపిల్లలు లేరు. నాబ్లా పుట్టినప్పుడు ఆ ఇంటి కూతురు, పెళ్లయ్యాక ఈ ఇంటివాడి పెళ్లాం. తనకంటూ మిగిలింది 'నాబ్లా' అన్న రెండక్షరాలే, వాటికీ చోటు లేదట. ముప్పయ్యేళ్ల కాపురం తర్వాత కూడా!

అంతలో పక్కింటి బార్ట్లీ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏం సైవ్ టామ్ కొలమ్, వంశం ఎందాకా వచ్చింది?"

ఊరంతా అలాగే పిలుస్తుంది. నాయనమ్మ సైవ్, ఆవిడ కొడుకు టామ్, టామ్ కొడుకు కొలమ్. ఈ పేటలోనే అరడజను మంది కొలమ్ మక్‌డొనాలు ఉన్నారు మరి, నాయనమ్మ పేరు లేకపోతే ఉత్తరమైనా చేరదు. నాబ్లాకి ప్రాణం లేచొచ్చింది.

"విన్నావా? మీ నాయనమ్మ పేరు రాయక తప్పదు. ఆ పక్కన నాదీ..."

"ఆవిడ సంగతి వేరు తల్లీ," బార్ట్లీ నవ్వాడు. "మొగుడు పడవతో సహా మునిగిపోయాడు. ఇంట్లో మగదిక్కు పోతేనే కదా పిల్లల్ని తల్లి పేరుతో పిలిచేది! నీకేం, నీ మొగుడు గుండ్రాయిలా ఉన్నాడు."

కొలమ్ కూడా పకపకా నవ్వాడు. నాబ్లా అతని వంక చూసింది. నిండు నూరేళ్లూ బతికేలా ఉన్నాడు. బతకాలి కూడా, రోజూ ప్రార్థనలో తను దేవుణ్ణి అడిగేది అదే. అతను బతికున్నంత కాలం తన పేరుకి చోటుండదు; ఇన్నేళ్లూ తను ఏం అడుగుతోందో ఇప్పుడు అర్థమైంది. కలం తీసి, అతని పక్క గడిలో 'భార్య' అని రాసింది.