చెవులు మూసుకుని చదివిన పిల్ల

ఆ బడిలో తప్పిన పిల్లలు లేరు. తప్పడం అనే మాటనే పెద్దసారు తుడిచిపారేశాడు. ఆ ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరు ఆయన. ఆయన పెట్టిన కొత్త పద్ధతి ప్రకారం ఎ అంటే విరిసిన పువ్వు, బి అంటే విచ్చుకుంటున్న పువ్వు, సి అంటే మొగ్గ. అంతకుముందు డి కూడా ఉండేది. అది చూస్తే తల్లిదండ్రుల మనసు నొచ్చుకుంటుందని తీసేశాడు.

"మొగ్గలోనే పురుగు పడితే ఏం రాయాలి సార్?" అని మూడో తరగతి టీచరమ్మ మీటింగులో అడిగింది.

"అలా చెడుగా ఆలోచించకూడదు టీచరుగారూ" అన్నాడు పెద్దసారు, పిల్లలకు చెప్పినట్టు. నాలుగో తరగతి సారు తలూపాడు. ఆయన దేనికైనా తలూపుతాడు. నిద్రలో కూడా ఊపుతాడు కనక పిల్లలు ఆయనకు కునుకు సారని పేరు పెట్టుకున్నారు.

టీచరమ్మకు పెద్దసారంటే ఒళ్ళు మంట. నూటికి నూరు శాతం ప్రమోషన్లు సాధించినందుకు పైఆఫీసు వాళ్ళిచ్చిన ఇత్తడి కప్పొకటి ఆయన బల్ల మీద ఉంటుంది. పొద్దున్నే రాగానే దాన్ని రుమాలుతో తుడుస్తాడు. ఎదురుగా ఒకటో తరగతి పిల్ల ముక్కు కారుతూ నిలబడినా ఆ రుమాలు అటు తిరగదు. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అన్నారా పెద్దలు!

ఆ ఏడు పరీక్షల ముందర, మధ్యాహ్నం బెల్లు కొట్టాక, ఇస్త్రీ షాపు ఆమె టీచరమ్మ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె కూతురు మూడులోనే ఉంది. సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ కిచకిచలాడుతుందని అందరూ పిచ్చుక అనే పిలుస్తారు.

"టీచరమ్మా, మా పిచ్చుకకు చదవడం రాదమ్మా" అంది తల్లి.

"అదేంటమ్మా! తాబేలు పాఠం గడగడా అప్పజెప్పేస్తుందిగా."

"అదే చెప్తున్నా. మా షాపు పక్కన మందుల కొట్టు బోర్డు చూపించి, ఇదేందో చదవవే అన్నా. తాబేలు పాఠం చెప్పింది. బస్సు మీద రాతలు చదవమంటే మళ్ళీ అదే తాబేలు. నాకు అక్షరం ముక్క రాదు గానీ, బస్సు మీద తాబేలు ఉండదని మాత్రం తెలుసమ్మా."

టీచరమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మొహం మాడిపోయింది. పిచ్చుకను పిలిచి, పుస్తకంలో ఎక్కడో మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి చదవమంది. పిల్ల టీచరమ్మ మొహంలోకి చూసింది. పుస్తకంలోకి కాదు, మొహంలోకి. పెదాలు ఏమైనా కదులుతాయేమోనని చూస్తున్నట్టుంది.

అప్పటికి అర్థమైంది టీచరమ్మకు. తను రోజూ పాఠం పైకి చదవడం, గదిలో అందరూ గొంతు కలిపి వెనకాలే అనడం, ఈ పిల్ల మొత్తం చెవులతో పట్టుకోవడం. చిలకపలుకులు. ఛీ, ఇన్నాళ్ళూ నేనేం చూశానని తనను తనే తిట్టుకుంది.

"నాలుగులో అక్షరాలు నేర్పరంట గదమ్మా" అంది తల్లి. "పైకి పోతే ఇక అంతే, నాలాగే అయిపోద్ది. బట్టల మీద చీటీ చదవలేక ఒకరి చొక్కా ఇంకొకరికిచ్చి నేను తినని తిట్టు లేదు. ఇంకో ఏడు దీన్ని మీ దగ్గరే ఉంచండమ్మా. నలుగురూ నవ్వితే నవ్వనీ."

పిల్లను పైకి తొయ్యమని బతిమాలే తల్లిదండ్రులను టీచరమ్మ బోలెడంతమందిని చూసింది. ఆపమని అడిగినది ఈమె ఒక్కతే. "నేను చూసుకుంటానమ్మా" అని మాటిచ్చింది.

పిల్లను ఆపాలని టీచరు రాసిస్తే కమిటీ కూర్చోవాలి. కమిటీ అంటే పెద్దసారు, పైఆఫీసు నుంచి వచ్చే తనిఖీ అధికారి. అధికారిగారు వచ్చారు. ఫ్యాను తన వైపు తిప్పించుకుని, బిస్కెట్ల పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. పిచ్చుకను నిలబెట్టి, పెద్దసారు తనే పుస్తకం తెరిచి చేతికిచ్చాడు. ఇంకే పాఠం, తాబేలు పాఠమే.

పిచ్చుక అందుకుంది. గొంతు ఖంగుమంది.

"నది ఒడ్డున ఒక తాబేలు ఉండేది. దానికి తొందర అంటే తెలియదు. ఒకరోజు పెద్ద వాన వచ్చింది. తాబేలు నెమ్మదిగా గట్టు ఎక్కింది. ఏయ్ వెనక బెంచీ! నేను లేచి వచ్చానంటే వీపు విమానం మోత మోగుతుంది. అలా తాబేలు తన ఇల్లు చేరింది."

టీచరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ విమానం మోత తనదే. వెనక బెంచీని అదిలించిన మాట కూడా పిల్ల పాఠంలో కలిపేసి కంఠతా పట్టింది, అదీ తన గొంతుతోనే.

"భేష్!" అన్నారు అధికారిగారు బిస్కెట్టు నములుతూ. "ఎంత భావయుక్తంగా చదివింది! మధ్యలో ఆ మందలింపు ఘట్టం మరీ బాగుంది. ఎ వేయండి."

"సార్, ఆ ముక్క పుస్తకంలో లేదు. ఒక్కసారి చూడండి. పోనీ ఇంకో పుస్తకం ఏదైనా ఇచ్చి చదివించండి" అంది టీచరమ్మ.

"సిలబస్ బయటవి అడగకూడదు" అన్నాడు పెద్దసారు. పుస్తకం ఆయన పక్కనే ఉంది. వంగి ఒక్క చూపు చూస్తే సరిపోయేది. చూడలేదు.

"వాళ్ళమ్మే ఆపమంటోంది సార్! పిల్లకు చదవడం రాదు."

"చూడండి టీచరుగారూ, ఒక్క పిల్ల ఆగిందంటే మన నూరు శాతం ఏమైపోవాలి? ఆవిడ చదువుకోనిది, ఆవిడకేం తెలుస్తుంది?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఊదినవాడికి ఊపిరితిత్తులైనా బలపడతాయి, ఇక్కడ అదీ లేదు అనుకుని టీచరమ్మ బయటికొచ్చేసింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకాలు! దూడకు ఎ గ్రేడు కూడా ఇస్తారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తల్లికి ఏమని చెప్పాలి?

చివరి రోజున అట్టకార్డులు పంచారు. గేటు దగ్గర ఇస్త్రీ ఆమె కూతురి కోసం నిలబడి ఉంది. టీచరమ్మ దగ్గరికి వెళ్ళేలోపే కార్డు పిల్ల చేతిలోంచి తల్లి చేతిలోకి, మళ్ళీ పిల్ల చేతిలోకి వచ్చింది.

"ఏం రాశారే?"

పిచ్చుక కార్డును కళ్ళముందు పెట్టుకుని, పాఠం చదివే గొంతుతో, తడుముకోకుండా చదివింది. "పిచ్చుక ఇంకో ఏడు మూడో తరగతిలోనే ఉండవలెను. ఈ టీచరు దగ్గరే చదువుకొనవలెను."

తల్లి మొహం వెలిగిపోయింది. "అమ్మా, మాట నిలబెట్టారు!" అని టీచరమ్మకు చేతులు జోడించింది.

కార్డు మీద నాలుగో తరగతి అని గుండ్రటి అక్షరాలతో ఉంది, పక్కన విరిసిన పువ్వు బొమ్మతో సహా. టీచరమ్మ నిజం చెప్పబోయి ఆగింది. ఈ బడిలో ఎవడు చూస్తాడు గనక అనుకుంది. ఆ అనుకోవడంతో ధైర్యం వచ్చింది.

"అవునమ్మా. బడి తెరవగానే నా గదికే పంపు" అంది.

నిజంగానే ఎవడూ చూడలేదు. కునుకు సారు తల ఎత్తకుండానే హాజరు వేస్తాడు, అందరికీ ఒకే గీత. ఆయన హాజరు పట్టీలో పిచ్చుక నాలుగులో ఉంది, మనిషి మాత్రం మూడో తరగతి మొదటి బెంచీలో ఉంది. టీచరమ్మ ఆ ఏడు గొంతు కలిపి అనిపించడం మానేసింది. పిచ్చుకను దగ్గర కూర్చోబెట్టుకుని, "చెవులు మూసుకోవే. కళ్ళతో చదువు" అనేది. పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని, అక్షరాల వైపు చూసి ఏడ్చేది, అలిగేది, తాబేలు పాఠం చెప్తానని బేరమాడేది. "నీ తాబేలును ఏట్లో వదిలెయ్" అనేది టీచరమ్మ. వానలు పోయి చలి వచ్చాక ఒకనాడు పిల్ల కిటికీలోంచి చూసి, ఎవరూ అడక్కుండానే, "మం...దు...ల కొట్టు" అంది. టీచరమ్మ ఆ పూట ఎవర్నీ తిట్టలేదు.

మళ్ళీ ఏడాది చివర. ఈసారి పెద్దసారు కార్డులు పంచడానికి సభ పెట్టాడు. వరండాలో మైకు, కుర్చీల్లో తల్లిదండ్రులు, బల్ల మీద మెరుస్తూ ఇత్తడి కప్పు, దాని వెనక తనిఖీ అధికారిగారు. కునుకు సారు తన తరగతి పేర్లు పిలుస్తున్నాడు. పిచ్చుక పేరు రాగానే మూడో తరగతి వరసలోంచి పిల్ల లేచి వెళ్ళింది.

"ఓహో, పోయినేడు తాబేలు పాఠం చదివిన అమ్మాయి కదూ!" అన్నారు అధికారిగారు మైకులో. "టీచరు ఆపమంటే మేమే ముందుకు పంపాం. ఫలితం మీరే వినండి. ఏదీ తల్లీ, నీ కార్డు నువ్వే చదువు."

పిచ్చుక ఒక చేత్తో కార్డు పట్టుకుంది. రెండో చేత్తో అలవాటుగా ఒక చెవి మూసుకుంది. గడగడా చదవలేదు. కూడబలుక్కుంటూ, ఒక్కొక్క మాటా వెతికి పట్టుకుంటూ చదివింది.

"నాలుగో... తరగతి. హాజరు... పూర్తి. చదవడం... ఎ. ఐదో తరగతికి... పంప...డమైనది."

తలెత్తి అధికారిగారి వైపు చూసింది. "సార్, ఇది తప్పుగా రాశారు. నేను నాలుగో తరగతికి ఒక్క రోజు కూడా పోలేదు. మూడులోనే ఉన్నా. నాకు చదవడం రాదు కదా, అందుకని."

మైకు ఆ మాటను వీధి చివర దాకా తీసుకెళ్ళింది. కునుకు సారు మొదటిసారి పూర్తిగా మేలుకున్నాడు. కుర్చీల్లో తల్లిదండ్రులు తమ పిల్లల కార్డుల వైపు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు. ఒక తండ్రి పక్కనున్న కొడుకు ముందు కార్డు పెట్టి, "ఏదీ, నువ్వూ చదువు" అన్నాడు. వాడు నేల చూపులు చూశాడు.

వెనకాల ఇస్త్రీ ఆమెకు ఈ గొడవేమీ పట్టలేదు. పక్కవాళ్ళను కుదిపి మరీ చెప్తోంది. "విన్నారా? మా పిచ్చుకే! చదివింది! దానంతట అదే చదివింది!"

పెద్దసారు మొహం కందగడ్డలా అయింది. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, టీచర్ల వరస వైపు తిరిగి పళ్ళు కొరికాడు.

"ఎవరు నేర్పారు దీనికి చదవడం?"

ఉద్యోగం పోతే పోనీ అనుకుంది టీచరమ్మ. కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"నేనే సార్."