ఎర్గో మీద తువ్వాలు

ఎర్గోన్ అంటే గ్రీకులో పని అట. ఒడ్డు మీదే కూర్చుని తెడ్డేసినట్టు పిడి లాగుతుంటే ఆ పనిని కొలిచే యంత్రం కాబట్టి ఎర్గోమీటరు అని పేరు పెట్టారట. తిగ్రే ఊళ్ళోని మా పడవల క్లబ్బులో అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు, తోక కోసేసి ఎర్గో అంటాం. యంత్రం పేరూ అదే, దాని మీద పెట్టే పరీక్ష పేరూ అదే, పరీక్షయ్యాక కాళ్ళలోంచి ప్రాణం పోవడానికీ అదే పేరు. మా అత్తగారు చాలాకాలం ఎర్గో అంటే ఎవడో మగాడనుకుంది. శనివారం శనివారం వాడి దగ్గరికి వెళ్ళి ఒళ్ళు హూనం చేసుకుని వస్తున్నానని మా ఆయన దగ్గర కూర్చుని ఏడ్చింది కూడా. ఆయన నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాడు.

ఆ శనివారం మాత్రం నాకు నవ్వు రాలేదు. రొసారియో పోటీకి వెళ్ళే నలుగురు ఆడవాళ్ళ పడవలో ఒక్క సీటు ఖాళీ ఉంది. దానికి మిగిలింది ఇద్దరం, నేనూ రోక్సానా. ఎర్గో మీద రెండు వేల మీటర్లు ఎవరు తక్కువ సమయంలో లాగితే సీటు వాళ్ళదని మా కోచ్ ఎవారిస్తో తేల్చి చెప్పేశాడు. కిందటేడు ఆ సీటు నాదే. బయల్దేరే ముందురోజు తడి చెక్కల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుని, రొసారియోలో కట్టుతో ఒడ్డున నిలబడి మా పడవ పోతుంటే చూశాను. ఇంకోసారి ఒడ్డున నిలబడితే నా పేరు విబియానా కాదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

నా పరీక్ష పొద్దున్నే అయిపోయింది. నలభై రెండేళ్ళ ఒంటితో ఎన్నడూ లాగనంత బాగా లాగాను. ఎవారిస్తో అంకె చూసి కనుబొమలెగరేశాడు. ఇక రోక్సానా వంతు వచ్చేదాకా చేసేదేమీ లేదు. అదే చంపేసింది. రేవు చివరిదాకా వెళ్ళాను, వచ్చాను. తుడిచిన తెడ్డునే మళ్ళీ తుడిచాను. ఎవరో మాతే ఆకు టీ కలిపి చేతికిస్తే ఒక్క గుక్క పీల్చి, థాంక్యూ చెప్పడం కూడా మరిచి తిరిగిచ్చేశాను. నదిలో ఓ లాంచీ పోతే దాని అలలు రేవును కొట్టడం ఆగేవరకూ నిలబడి, ఆగాక ఇంకోటి ఎప్పుడొస్తుందా అని చూశాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలిసేది కాదు.

అప్పుడు రోక్సానా భుజాన తువ్వాలు వేసుకుని నా దగ్గరికే వచ్చింది.

"విబీ, నా పక్కన కూర్చుంటావా?"

"మతి పోయిందా నీకు? ఆ సీటు నాక్కావాలే."

"నాకూ కావాలి. మిగతావాళ్ళు కూర్చుంటే బాగుంది బాగుంది అంటారు. అది వింటే నా చేతులు చచ్చుబడిపోతాయి, నీకు తెలీదా?"

మా క్లబ్బులో ఒక కట్టుబాటుంది. అంకెలు చూస్తే బెదిరిపోయేవాళ్ళు ఎర్గో తెర మీద తువ్వాలు కప్పేసుకుంటారు. పక్కన ఒకళ్ళు కూర్చుని, తువ్వాలు కొస ఎత్తి చూస్తూ, మాటలతో లాగిస్తారు. ఆ మనిషి ఏమైనా అనొచ్చు, యంత్రాన్ని మాత్రం ముట్టుకోకూడదు. పక్కన కూర్చోమని ఎవరైనా అడిగితే కాదనకూడదు. పడవలో మేం వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చుంటాం, ముందేముందో కనబడదు, దారి చెప్పే గొంతును నమ్ముకోవాల్సిందే. ఎర్గో మీదా అంతే అంటారు మా పెద్దవాళ్ళు. పెద్దవాళ్ళకేం, ఎన్నయినా అంటారు.

తిట్టుకుంటూనే షెడ్డులోకి వెళ్ళి ఎర్గో పక్కన కూర్చున్నాను.

రోక్సానా మొదలుపెట్టింది. గొలుసు లోపలికీ బయటికీ పరుగెత్తుతోంది, చక్రం హోరుమంటోంది. నేను తువ్వాలు కొస ఎత్తి చూస్తున్నాను, లాగు, కాళ్ళతో లాగు, అంటున్నాను. సగం దూరానికి నా పొద్దుటి అంకెతో ఆమెది సమానం. ముప్పావు వంతు దాటేసరికి ఆమె నాకంటే వెంట్రుకవాసి ముందుంది.

ఈ మనిషి వెనక సీట్లో కూర్చుని ఆరేళ్ళు జంట పడవ నడిపాను. ఆమె ముఖంకన్నా ఆమె వీపే నాకు బాగా తెలుసు. ముందున్నావని చెబితే చాలు, రోక్సానా భుజాలు జారిపోతాయి, ఆ తర్వాత ఎంత అరిచినా లేవవు. వెనకబడ్డావంటే మాత్రం పిచ్చెత్తినట్టు లాగుతుంది. అంటే నేను మోసం చెయ్యక్కర్లేదు. ఉన్నదున్నట్టు చెబితే చాలు, సీటు నాది. నన్ను వేలెత్తి చూపడానికి ఒక్కరికీ నోరుండదు. ఎవారిస్తో సైతం న్యాయంగా చెప్పావనే అంటాడు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె కుడి భుజం కొంచెం జారడం చూశాను.

"వెనకబడ్డావే," అన్నాను. "నాకంటే చాలా వెనకున్నావు. ఆపేసి ఇంటికెళ్ళి పడుకో."

రోక్సానా గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. చక్రం హోరు షెడ్డంతా నిండింది. చివరి లాగుడయ్యాక పిడి వదిలేసి పక్కకి దొర్లి నేల మీద పడిపోయింది. ఎవారిస్తో వచ్చి తువ్వాలు తీశాడు. అంకె చదివాడు. నావైపు చూసి, రోక్సానా పేరు చెప్పాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు. ఆరేళ్ళుగా ఆ భుజం జారబోతే నా నోరు చేసే పని అదే, ఆలోచించేలోపే చేసేసింది. పనిని కొలిచే యంత్రమట. నా పనినీ కొలిచింది, కాకపోతే ఆమె పేరు మీద. రేవుకి పోయి, నీళ్ళకి ఎదురుగా కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి రోక్సానా కుంటుతూ వచ్చి పక్కన కూలబడింది. యంత్రం లోపల దాచుకున్న అంకెలన్నీ ఎవారిస్తో ఆమెకు చూపించాడట.

"నేను ముందే ఉన్నాను కదే," అంది.

"ఉన్నావు."

"మరి వెనకబడ్డావన్నావు."

"అన్నాను. వెళ్ళి తడిబట్టలు మార్చుకో. జ్వరం తెచ్చుకున్నావంటే నీ సీట్లో నేనెక్కేస్తాను."

ఆమె కదల్లేదు. నా చెయ్యి పట్టుకుంది. అరచేతుల్లో బొబ్బలు చిట్లి ఇద్దరికీ మంట పుట్టింది. వదలమన్నా వదల్లేదు. రొసారియోలో ఆఖరి మలుపు దగ్గర ఒడ్డు మీద నిలబడి తనని తిట్టడానికి రమ్మని అడిగింది. రానన్నాను. చచ్చినా రానన్నాను. ఒట్టు సంగతి కూడా చెప్పాను. ఆమె తలూపింది.

ఇంకో లాంచీ పోయింది. దాని అలలు రేవు చెక్కల్ని కొట్టి కొట్టి ఆగాయి.

"రొసారియో బస్సు ఎన్నింటికి?" అన్నాను.