రెండో బ్యాచ్ వాల్వులు

అమెరికాలోని నోవైలో విద్య పనిచేసే కంపెనీ పాతికేళ్ళు కార్ల పార్టులే చేసింది. పసిఫిక్‌కి అవతల చైనా ఏటికేడు కొత్త యుద్ధనౌకలు దించుతోందని, మనకూ సబ్‌మెరీన్లు తొందరగా కావాలని ప్రభుత్వం ఆర్డర్లు పెంచేసరికి, అదే షెడ్డులో కంచు వాల్వులు పోతపోయడం మొదలైంది. సముద్రపు నీరు పైపుల్లోంచి సబ్‌మెరీన్ లోపలికి దూసుకురాకుండా ఆపేవి అవే. వాటిని పరీక్షించి సంతకం పెట్టడం విద్య పని.

ఫిబ్రవరిలో ఒకరోజు గట్టిదనం కొలిచే మెషీన్ మొరాయించింది. సాయంత్రానికి ట్రక్కు వచ్చేస్తుంది. మేనేజర్ రాజ్ అప్పటికే మూడుసార్లు వచ్చివెళ్ళాడు.

"ఇది కూడా లేటైతే కాంట్రాక్ట్ పోతుంది విద్యగారూ."

మొదటి బ్యాచ్ అంకెలు బాగానే వచ్చాయి. అదే లోహం, అవే అచ్చులు. విద్య ఆ అంకెల్నే కాస్త అటూ ఇటూ మార్చి, రెండో బ్యాచ్ కాగితాల్లో ఎక్కించి సంతకం పెట్టేసింది. నలభై ఎనిమిది వాల్వులు వెళ్ళిపోయాయి. ఎవరూ ఏమీ అడగలేదు. కొన్నాళ్ళు ఆ ఫైల్ ఉన్న అల్మరా వైపు చూడకుండా నడిచింది. తర్వాత అదీ అలవాటైపోయింది.

మే నెలలో పాత స్నేహితులు ఆంజనేయప్రసాద్ గారింట్లో భోజనాలు. వాళ్ళమ్మాయి దేదీప్య నేవీలో ట్రైనింగ్ పూర్తిచేసి వచ్చింది. చిన్నప్పుడు స్కూల్ అయ్యాక రోజూ విద్య ఇంట్లోనే ఉండేది ఆ పిల్ల. పులిహోర ప్లేట్‌తో వచ్చి పక్కనే కూర్చుంది.

"ఆంటీ, నన్ను సబ్‌మెరీన్‌లో వేశారు! డాడీ చాలా వర్రీ అవుతున్నాడు. పార్ట్స్ చెక్ చేసేది మీరే కదా, చెప్పండి. సేఫే కదా?"

"సేఫేనమ్మా."

అనేసి లేచింది. ప్లేట్ సింక్ దగ్గర పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చేసింది.

సోమవారం పొద్దున్నే రాజ్ గదిలోకి వెళ్ళి తలుపేసింది. అంతా విని అతను తల పట్టుకున్నాడు.

"మూడు నెలలైంది. ఎవరికీ తెలీదు. ఇప్పుడెందుకండీ?"

"నేవీవాళ్ళకి మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

అతను రాయలేదు. ఆమే రాసింది.

నలభై ఎనిమిదీ వెనక్కి రప్పించారు. అందులో పదకొండు అప్పటికే బిగించేస్తే ఊడదీయాల్సి వచ్చింది. కొలిస్తే మూడు మెత్తగా తేలాయి. విద్య ఉద్యోగం పోయింది. విచారణ ఇంకా నడుస్తోంది.

దేదీప్యకి తనే ఫోన్ చేసి చెప్పింది. 

"ఆంటీ, నేను సబ్‌మెరీన్‌కి వెళ్ళకపోతే చెప్పేవారా?"

చెప్పేదాన్నే అనబోయింది విద్య. ఆ పిల్లతో ఇంకో అబద్ధం ఆడడానికి నోరు రాలేదు.

"తెలీదమ్మా," అంది.

"ఓకే ఆంటీ."

మళ్ళీ ఆ పిల్ల ఫోన్ చేయలేదు. ఆగస్టులో యూనిఫాంలో ఉన్న కూతురి ఫొటో ఆంజనేయప్రసాద్ గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ శుభాకాంక్షలు రాశారు. విద్య రెండుసార్లు టైప్ చేసి, రెండుసార్లూ చెరిపేసింది.