పలక దించిన చప్పుడు

పీర్స్ ఇంటి కిటికీని మేకులు కొట్టి మూసేస్తుంటే, ఆ దెబ్బలు పక్కింట్లో టామ్సిన్ గుండెల మీద పడ్డాయి.

కిటికీకున్న చెక్క పలక కిందికి దించితే అంగడి బల్ల, పైకెత్తితే తలుపు. ఆ సందులో చేతిపనివాళ్లందరికీ అదే కూడు పెట్టేది. నేతగాడు పీర్స్ ఏళ్ల తరబడి అక్కడే ఉన్నా పల్లె నుంచి వచ్చినవాడు, పట్నం హక్కు లేని పరాయివాడు. పరాయివాడు కిటికీ తెరవకూడదని నగరసభ కొత్త కట్టడి. కిటికీ మూస్తే పనుండదు. పనిలేనివాణ్ణి కోట గుమ్మం దాటించాలని ఇంకో కట్టడి. కొట్టేదీ వాళ్లే, ఏడవొద్దనేదీ వాళ్లే! పీర్స్ పెళ్లాం బిడ్డల్ని వెంటేసుకుని మంచులో నడిచి వెళ్లిపోయాడు.

టామ్సిన్ కూడా పరాయిదే, చేతితొడుగులు కుడుతుంది. మొగుడు జ్వరంతో పోయాడు. నెలలు నిండుతున్నాయి. తరిమేస్తే ఏ కాలవగట్టున కనాలో అని ఆమెకు తిండి సయించడం లేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సందులోని పరాయి పనివాళ్లందరూ తోళ్లు నానబెట్టే దొడ్లో కలిశారు. ఆ కంపుకి నగరసభ మనుషులెవరూ అటు రారు. వడ్రంగి జెర్వేస్ మాత్రం వచ్చాడు. అతను పరాయివాడు కాదు, పట్నం కూలీ. పీర్స్ కిటికీకి మేకులు కొట్టింది అతనే.

"ఏ మొహం పెట్టుకొచ్చావురా?" అని లాంబర్ట్ లేచాడు. చెప్పులు కుట్టే ముసలాయన.

"కొట్టకపోతే నా కూలి పోద్ది. అయినా మీరొచ్చి చవగ్గా చేసి మా కూలి పడగొట్టలేదా?"

టామ్సిన్‌కి ఒళ్లు మండింది. "చవగ్గా చేయించుకుంటుందెవరు బాబూ? వీధిలో మమ్మల్ని తిట్టే మీ పెద్దలే దొడ్డిదారిన మాచేత కుట్టించుకుంటున్నారు. నీ కూలి కోసింది వాళ్లు. మా మీదికి నిన్ను ఉసిగొల్పిందీ వాళ్లే!"

జెర్వేస్ వెళ్లిపోకుండా అక్కడే ఓ మూల కూర్చున్నాడు.

"ఒక్క కిటికీ అయితే మూస్తారు," అన్నాడు లాంబర్ట్. "సంత గంట మోగగానే సందంతా ఒక్కసారే పలకలు దించుదాం."

సంత రోజు గంట మోగింది. టామ్సిన్ కిటికీ పలకకి చెవి ఆనించింది. చప్పుడు లేదు. ఎవరికి వాళ్లు పక్కవాడి పలక చప్పుడు కోసం కాచుకుని ఉన్నారని ఆమెకి అప్పుడు తెలిసింది. అందరూ తనలాగే వణుకుతున్నారు. కడుపులో బిడ్డ తన్నింది. కళ్లు మూసుకుని గడియ లాగేసింది.

ధడేల్!

సందులో అదొక్కటే మోత. వీధి చివర నుంచి భటుడు, వెనకాలే సుత్తితో జెర్వేస్ పరిగెత్తుకొచ్చారు. భటుడు కిటికీలోంచి ఆమె రెక్క పట్టుకున్నాడు. "ఒరేయ్ జెర్వేస్, మేకులు కొట్టరా!"

జెర్వేస్ సుత్తి ఎత్తాడు. అంతలో లాంబర్ట్ పలక పడింది. దాని వెనకే ఇంకోటి. ఆ తర్వాత సందు పొడుగునా ఆగకుండా ధడధడా పడ్డాయి. లాంబర్ట్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు, చేతిలో సగం కుట్టిన చెప్పుతోనే.

జెర్వేస్ సుత్తి కింద పెట్టాడు.

"మేకులు చాలవు దొరా."

"నిన్నూ కట్టేస్తాను!"

"కట్టెయ్యి. ఈ సందు మూసే వడ్రంగి ఇంక పట్నంలో దొరకడు."

భటుడు ఇద్దర్నీ నడిపించుకుపోయాడు. టామ్సిన్ వెనక్కి తిరిగి చూసింది. భటుడి వెనకాలే సందంతా నడిచొస్తోంది. కిటికీలు ఎవరూ మూయలేదు.