పొట్టు పొయ్యికి ఊపిరాడలేదు

చిత్రిక మిషను మోతలో మా ఆవిడ గుమ్మంలోంచి అరిచిందాంట్లో నాకు సగమే వినబడింది. మేడ మీద టైలరు నా పొయ్యిని పొగుడుతున్నాడట!

"చాలా సంతోషం అని చెప్పు! కావాలంటే ఆయనకీ ఒకటి చేసిపెడతానను!" అని నేనూ అరిచాను.

ఆవిడ లోపలికొచ్చి మిషను కట్టేసింది. మోత మిషను లోంచి ఆవిడ ముఖంలోకి మారింది.

"పొగడ్త కాదండీ, పొగ! మీ పొయ్యి పొగ! ఆయన ఇస్త్రీ చేసి కిటికీలో తగిలించిన తెల్ల చొక్కాలు బూడిదరంగుకి తిరిగాయి. ఇవాళ మళ్ళీ పొగొచ్చిందో, ఆ డబ్బా పొయ్యిని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా."

నేను కొయ్యబారిపోయాను. వడ్రంగిని గనక ఆ మాత్రం కొయ్య నాలో ఎప్పుడూ ఉంటుంది.

ఆ పొయ్యి పెట్టింది నా కోసం కాదు, నాన్న కోసం. ఆయన చేతులు ఉలి పట్టడం మానేసి చాలా కాలమైంది. అయినా చెక్క వాసన తగలకపోతే ఆయనకి ముద్ద దిగదు. నా పనిగదిలో కుర్చీ వేసుకుని, నా పనిలో లోపాలు వెతుకుతూ హాయిగా కాలక్షేపం చేస్తాడు. చలికాలం వస్తే మాత్రం ఈ గదిలో ఆయన మోకాళ్ళు బిగుసుకుపోతాయి. కిందటేడు చలికాలమంతా లోపలి గదిలో దుప్పటి కప్పుకుని గోడకేసి చూస్తూ గడిపాడు. ఈ పొయ్యి పోయిందా, ఈ ఏడూ మళ్ళీ ఆ గోడే.

పొట్టుకి మాకేం కొదవ? ఊడ్చి పారబొయ్యలేక నడుములు పడిపోతుంటాయి. పాత రంగు డబ్బా ఒకటి తీసుకుని, అడుగున పక్కగా ఒక బెజ్జం కొట్టాను. మధ్యలో గుండ్రటి కర్ర నిలబెట్టి, చుట్టూ ఎండిన రంపపు పొట్టు పిడికిలితో దట్టించి, కర్రని మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే నడిమధ్య సొరంగం మిగులుతుంది. కింది బెజ్జంలోంచి నిప్పంటిస్తే గాలీ అందులోంచే వెళ్ళి మంటని సొరంగంలో పైకి ఎగదోస్తుంది. మూతకి బిగించిన గొట్టం కిటికీ బయటికి పోతుంది. పొట్ట నిండా పొట్టు పెట్టామా, సగం రోజు కిమ్మనకుండా వెచ్చగా తింటూ కూర్చుంటుంది.

కూర్చోవాలి మరి! నాది మాత్రం కాసేపు బాగా మండి, ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై, గొట్టంలోంచి నల్లగా కక్కేది. చల్లారాక చూస్తే కింది బెజ్జానికి మాడిన ముద్ద ఒకటి గట్టిగా పట్టుకుని ఉండేది. చెక్కలో బంక ఎక్కువైందేమోనని నేను చెక్క మార్చాను. పొట్టు జల్లించాను, ఎండబెట్టాను. ఊహూఁ, అదే ముద్ద. ఆ పొయ్యి నన్ను నిజంగానే రంపాన పెట్టింది.

"డబ్బా పనితనం బాలేదురా," అనేవాడు నాన్న. అంతకుమించి చెప్పేవాడు కాదు.

ఆ రోజు మా ఆవిడ చూస్తుండగానే పొట్టు దట్టించి నిప్పంటించాను. పొయ్యి సన్నగా ఝుమ్మంది. నాన్న కుర్చీ జరుపుకున్నాడు. నేను అటు తిరిగి మిషను వేసుకున్నాను. చీపురు చేత్తో పట్టుకుని మా ఆవిడ వెళ్ళిపోయిందనే అనుకున్నాను. వెళ్ళలేదు. తలుపు వెనక నక్కి, సందులోంచి చూస్తోంది.

"ఏవండోయ్! ఇటు తిరగండి! టైలరుగారూ, మీరూ కిందికి రండి!"

తిరిగాను. నాన్న పొయ్యి దగ్గర వంగి ఉన్నాడు. అరచేతిలో జిగురులో కలిపిన పొట్టు ముద్ద. పగుళ్ళు కనబడకుండా మేం తలుపులకీ బల్లలకీ పెట్టే లప్పం అదే. పల్చటి రేకుముక్కతో దాన్ని కింది బెజ్జంలో కూరి, అంచు నున్నగా దిద్దుతున్నాడు.

"నాన్నా, ఏం చేస్తున్నావ్?"

"కనబట్టం లేదూ? నీ పనే. ఇంత బెజ్జం వదిలేశావ్, అందులోంచి పొగ కారుతోంది. నేను రోజూ పూడుస్తున్నా, నువ్వు రోజూ పీకేస్తున్నావ్. కొడుకు పరువెందుకు తియ్యాలని ఎవరితోనూ అన్లేదు."

జన్మంతా సందులేని పని చేసిన మనిషి! రంధ్రాన్వేషణ అంటే ఇదేరా భగవంతుడా అనుకున్నాను.

టైలరు మెట్లు దిగొచ్చాడు, బూడిదరంగు చొక్కా ఒకటి సాక్ష్యానికి పట్టుకుని. "అన్నా, ఇవాళ కూడానా?"

"ఇవాళ్టితో సరి," అని మా ఆవిడ అందరికీ వినబడేలా చెప్పింది. "పొట్టు తడీ కాదు, చెక్కలో బంకా కాదు. ఈయన గాలి కోసం బెజ్జం పెడతారు. మామయ్యగారు అది చిల్లనుకుని లప్పం పెడతారు. ఊపిరాడక పొయ్యి దగ్గుతోంది. ఆ దగ్గు మీ చొక్కాలకి తగులుతోంది. అంతే."

"గాలి కోసమా?" నాన్న తలెత్తాడు. "ముందే చెప్పొచ్చు కదరా!"

"నువ్వడిగితే కదా!"

లప్పం పచ్చిగానే ఉంది. ఉలి మొనతో గీకేశాను. పొయ్యి గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఝుమ్మంది. టైలరు బయటికెళ్ళి గొట్టంకేసి కాసేపు చూసి వచ్చాడు. "ఆఁ... పొగ పల్చబడింది."

నాన్న అతన్ని చెయ్యిపట్టి పొయ్యి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తప్పు నాదీ కాదు, వాడిదీ కాదు నాయనా. నేను బెజ్జం కనబడితే పూడ్చే బాపతు. వీడు బెజ్జం పెట్టి చెప్పని బాపతు. చూడు, గాలి ఇదిగో, ఇందులోంచి పోవాలి. వేలు పెట్టకు, కాలుతుంది."