ఇసుకలో ఆపిన బండి

ఒక్క గ్లాసు నీళ్ళతో రెండు పళ్ళాలు, పెనం, కాఫీ గిన్నె కడగడం ఆర్లీన్‌కు నాలుగు రోజుల్లోనే అలవాటైంది. ముందు కాగితంతో తుడవాలి, తర్వాత తడిగుడ్డ, నీళ్ళు చివర్లో. ఊళ్ళు తిరుగుతూ అందులోనే ఉండటానికి వ్యాను కొన్నరోజున భర్త డెల్మార్ "ఇక నీకు ఇంటిపని ఎక్కడిది తల్లీ, ఇల్లే లేదుగా" అని నవ్వాడు. నిజమే, వంటగది చెయ్యి చాపినంత అయింది, పని మాత్రం ఎంతున్నదో అంతే ఉంది. పొద్దున పడక మడిస్తే బల్ల అవుతుంది, సాయంత్రం బల్ల దించితే పడక అవుతుంది. రెండూ ఆమే చేయాలి. మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చేసేదీ ఆమే, డెల్మార్‌కు వాసన పడదు కనక. డెల్మార్ బండి నడుపుతాడు. అది పెద్ద పని.

అమెరికాలో యూటా రాష్ట్రపు దక్షిణ కొసలోని ఈ లోయల మట్టిరోడ్ల మీద ఆమె ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపింది. "నన్నూ కాసేపు నడపనీ" అని మొదటిరోజే అడిగింది. "ఇది పిల్లల బస్సు కాదు తల్లీ, నువ్వు మ్యాపు చూడు చాలు" అన్నాడు. అతని తమ్ముడైతే పండుగ భోజనాల దగ్గర ఏటా ఒకటే జోకు: "వదిన నడిపే బండెక్కితే పెళ్ళికూతురైనా తిన్నగా బడికే చేరుతుంది." అందరికన్నా ఆమే ముందుగా నవ్వేది.

అయినా ఆ కొండల్ని చూస్తుంటే ఆమెకు ఏ కోపమూ నిలిచేది కాదు. ఎండ జరిగేకొద్దీ ఎర్రరాయి నారింజ రంగుకి, నారింజ నుంచి గులాబీకి మారడం, ఎత్తైన గోడల మీద వాననీళ్ళు గీసిన నల్లచారలు, రాతిపగుల్లో ఒంటరిగా పెరిగిన జూనిపర్ చెట్టు. ఏళ్ళ తరబడి చూసినా ఆమెకు అవన్నీ రోజూ పొద్దున్నే కొత్తగా కనపడేవి. ఎవరూ నీళ్ళు పొయ్యకుండా అంత పచ్చగా ఎలా ఉన్నావే అని ఆ చెట్టుని మనసులోనే పలకరించింది.

మధ్యాహ్నం రోడ్డు ఎండిపోయిన వాగులోకి దిగింది. "ఇసుక మెత్తగా ఉంది. ఆగకుండా పోనివ్వు" అంది ఆర్లీన్. సరిగ్గా వాగు మధ్యలో డెల్మార్ బ్రేకు వేశాడు. "ఆ గోడ చూడు! ఒక్క ఫోటో." దిగి ఫోటో తీసి, మళ్ళీ ఎక్కి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి ఇరుసుదాకా దిగబడ్డాయి. ఇంకా గట్టిగా తొక్కాడు.

"తొక్కకు, డెల్మార్. ఇంకా లోతుకి పోతోంది."

"నాకు తెలుసు. ఎవరో ఒకరు వస్తారు, లాగిస్తాం."

ఆర్లీన్ ఉత్తరం వైపు చూసింది. తలమీద ఆకాశం కడిగినట్టుంది. దూరంగా పీఠభూమి మీద మాత్రం మేఘం నల్లగా కిందికి వేలాడుతోంది.

"అక్కడ వాన పడుతోంది. ఆ నీళ్ళు ఈ వాగులోకే వస్తాయి."

"ఇక్కడ చుక్కైనా లేదే!"

"ఇక్కడ పడక్కర్లేదు. మహా అయితే గంట. దిగు."

ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు. వెనక సీట్లలో కొట్టుకుంటున్న నలభైమంది పిల్లల్ని అద్దంలోంచే కూర్చోబెట్టిన గొంతు అది. దిగాడు.

ఆమె చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, టైరుకి గాలి కొట్టే గొట్టం మూత తీసి, తాళంచెవి కొనతో నొక్కి గాలి వదలసాగింది.

"ఉన్న గాలి కూడా తీసేస్తున్నావేంటి, మతిపోయిందా?"

"సగం తీస్తే టైరు పరుచుకుంటుంది, ఇసుకలో దిగదు. నువ్వు వెనక చక్రాల వెనకాల తవ్వు."

"దేంతో?"

"పెనంతో. లోపలుంది, తుడిచి పెట్టాను."

అతను తవ్వాడు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి ఆమె మోచేతుల దాకా ఎర్రమట్టి. సీటు ముందుకు జరుపుకుని కూర్చుంది. రివర్సు గేరు వేసి, పాదాన్ని పెడల్ మీద ఆనీ ఆననట్టు పెట్టింది. వచ్చిన జాడలమీదే, నిద్రపోతున్న పిల్లల్ని లేపకూడదన్నంత నెమ్మదిగా, బండి కదిలింది. మూలిగింది. ఒక్కసారి ఆగబోయింది. ఆమె పాదం కంగారుపడలేదు. వ్యాను వెనక్కి వెనక్కి పాకి గట్టి రాతిమీదికి ఎక్కింది.

ఇరవై నిమిషాలకు ముందు బురదవాసన వచ్చింది, తర్వాత చప్పుడు. చాక్లెట్ రంగు నీళ్ళు దుంగల్ని దొర్లించుకుంటూ వచ్చి, డెల్మార్ ఫోటో తీసిన చోటుని ముంచేశాయి. అతను పెనం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పెనానికి అంటిన ఇసుక దులిపి, కిటికీ దగ్గరికి వచ్చాడు. దిగమని అంటాడేమోనని ఆమె స్టీరింగు మీంచి చెయ్యి తియ్యలేదు. ఇక తియ్యదలచుకోలేదు కూడా.

"ఇలాంటి వాగులు..." అన్నాడు మెల్లిగా, "పిల్లల్నేసుకుని దాటేదానివా?"

"రోజుకి రెండుసార్లు" అంది ఆర్లీన్.

డెల్మార్ బండి చుట్టూ తిరిగి వెళ్ళి, పక్కసీటు తలుపు తీశాడు.