పుర్రె బొమ్మల పొలం

నెస్టర్ ప్రొకోప్‌చుక్ సైన్యంలో చేరాకనే మొదటిసారి సముద్రాన్ని చూశాడు. కనుచూపు మేర గోధుమ తప్ప ఇంకేమీ కనబడని కెనడా లోపలి సస్కాచవాన్‌లో పుట్టి పెరిగినవాడు. నేనేమో అదే దేశపు తూర్పు తీరాన నోవా స్కోషియాలో చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టాను. ఇద్దరం ఒకే ట్యాంకులో పడ్డాం. అతను డ్రైవరు. నేను ఫిరంగిలో గుండ్లు నింపుతూ రేడియో చూసుకునేవాణ్ణి.

ఇంగ్లండు తీరం వదిలిన దగ్గర్నుంచి నెస్టర్ బకెట్ వదల్లేదు. కడుపులో ఉన్నదంతా పోయాక కూడా కక్కుతూనే ఉన్నాడు.

"నీ సముద్రం నువ్వే ఉంచుకోరా సురెట్. నన్ను ఇంత మట్టి మీద దించు, చాలు" అన్నాడు.

1944 జూన్ ఆరో తేదీ పొద్దున ఫ్రాన్సు తీరాన దించారు. ఆ ఇసుక మీద చూసినవాటి గురించి నేను ఎక్కువ చెప్పను. మాకంటే ముందు దిగిన పదాతి సైనికులు చాలామంది నీళ్ల అంచునే ఉండిపోయారు. మిగిలినవాళ్లు సముద్రపు గోడ దాకా పరుగెత్తి, దాన్ని ఎక్కి, వెనక వచ్చే మాకు దారి చేశారు. పది గంటలకల్లా మేము ఊరి వీధులు దాటి లోపలికి వెళ్లే రోడ్డెక్కాం. మా ట్యాంకు ఇనుప పట్టాల కింద రాతి రోడ్డు తగలగానే నెస్టర్ మొహంలోకి రంగు వచ్చిందని పక్క సీట్లో కూర్చునే కుర్రాడు తర్వాత చెప్పాడు.

ఒక కిలోమీటరు కూడా వెళ్లకముందే ఆగిపోవాల్సి వచ్చింది. మా ముందు వెళ్తున్న ట్యాంకు మలుపు తిరగగానే పెద్ద చప్పుడైంది. చూస్తుండగానే మంటలు లేచాయి. నలుగురు దూకారు. అయిదోవాడు దూకలేదు. ఎదురుగా మిట్ట మీద ఎక్కడో ట్యాంకుల్ని కొట్టే జర్మన్ ఫిరంగి ఉంది. మా సార్జెంట్ హ్యాదర్లీ వెంటనే ట్యాంకుని వెనక్కి తీయించి ఒక ఇంటి గోడ చాటున నిలిపాడు. ఆయన అంతకుముందు ఒంటారియోలో బడిపంతులు. ఎంత ఆపదలోనైనా లెక్క చెబుతున్నట్టు నెమ్మదిగా మాట్లాడేవాడు.

"కుడివైపు ఏముంది?" అని అడిగాడు.

"బురద సార్జెంట్. జర్మన్లు కావాలనే నీళ్లు వదిలారు" అన్నాడు నెస్టర్.

"ఎడమవైపు?"

ఎడమవైపు పచ్చిక పొలం. పొలం చుట్టూ ముళ్లతీగ, తీగ వెంట పది అడుగులకొకటి చొప్పున కర్ర పాతి పుర్రె బొమ్మ బోర్డు. మందుపాతరలున్నాయని జర్మన్ భాషలో రాసి ఉంది. ఆ బొమ్మ చూశాక ఆ భాష రానక్కర్లేదు.

రోడ్డు పక్క గుంటలో నూరుమందికి పైగా పదాతి సైనికులు పడుకుని ఉన్నారు. వాళ్ల లెఫ్టినెంట్ కార్వెల్ పాకుతూ వచ్చి మా ట్యాంకు వెనక చేరాడు. మందుపాతరలు తీసే దళం ఇంకా ఒడ్డునే చిక్కుకుపోయిందని చెప్పాడు. మా వెనక ఒక్కొక్క బండీ వచ్చి ఆగుతోంది. వరస సముద్రం దాకా పెరిగిపోతోంది. అక్కడ పోటు వచ్చి ఇసుక తగ్గిపోతుంటే, దిగుతున్నవాళ్లకి నిలబడే చోటు కూడా లేదు. మేము కదిలితేనే వాళ్లు కదిలేది.

అప్పుడు ఎవరో కర్రతో మా ట్యాంకుని టంగుటంగుమని కొట్టారు.

తల బయటపెట్టి చూస్తే యాభై ఏళ్ల ఆడమనిషి. కాళ్లకి చెక్కబూట్లు, చేతిలో పశువుల్ని తోలే కర్ర. మేము నక్కిన గోడ ఆవిడ ఇంటిదే. ట్యాంకులో ఫ్రెంచి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కనక సార్జెంట్ నన్ను కిందికి దింపాడు.

"ఇక్కడే కాపురం పెడతారా ఏమిటి? నాలుగేళ్లు మీకోసం ఎదురుచూస్తే, వచ్చి నా గోడ వెనక దాక్కుంటారా?" అంది ఆవిడ.

"ముందు ఫిరంగి ఉందమ్మా. పక్క పొలం నిండా మందుపాతరలు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎక్కడివాడివి నాయనా నువ్వు? చచ్చిపోయిన మా నాయనమ్మలా మాట్లాడుతున్నావు!"

"కెనడా అమ్మా. మావాళ్లు మూడొందల ఏళ్ల కిందట ఇటువైపు నుంచే వెళ్లారట."

"తిరిగి రావడానికి ఇంతకాలం పట్టిందన్నమాట" అంది. ఆ పొగలో, ఆ చప్పుడులో నాకు నవ్వొచ్చింది.

ఆవిడ పేరు ఒనొరీన్. ఆ పొలం ఆవిడదే. బోర్డులన్నీ అబద్ధమని చెప్పింది. వసంతంలో పెద్దాఫీసరెవరో తనిఖీకి వస్తున్నాడంటే, చేతిలో సరిపడా మందుపాతరలు లేక ఇక్కడి జర్మన్లు ఉత్త బోర్డులు పాతేశారట.

"అసలువి అదిగో, ఆ ఆపిల్ తోటలో ఉన్నాయి. అక్కడ ఒక్క బోర్డు కూడా లేదు. నా ఎర్రావు అక్కడే పోయింది. ఈ పొలంలో మాత్రం మిగతావి మొన్నటిదాకా మేశాయి."

నేను తర్జుమా చేశాను. కార్వెల్ తల అడ్డంగా ఊపాడు. "ఈవిడ ఎవరో మనకేం తెలుసు? ఈవిడ మాట పట్టుకుని నా మనుషుల్ని అందులోకి పంపనా?"

నెస్టర్ డ్రైవరు సీటు మీది మూత ఎత్తి మాట కలిపాడు. "అబద్ధమాడుతోందని కాదు సార్. కానీ ఆవు బరువెంత? మనం ముప్పై టన్నులు. ట్యాంకు కోసం పాతిన దాని మీద ఆవు గంతులేసినా పేలదు. అది అడగరా సురెట్."

అడిగాను. ఆవిడకి కోపం రాలేదు. "ఎవడు వాడు?"

"వ్యవసాయం చేసేవాడమ్మా."

"అందుకే, వాడికొక్కడికి బుర్ర పనిచేస్తోంది" అంది. "మార్చిలో రోడ్డు మునిగితే వాళ్ల సిమెంటు లారీ ఈ పొలంలోంచే వెళ్లింది. చివరిదాకా వెళ్లి దిగబడింది. నా గుర్రాలు రెండూ కట్టి లాగించారు. గాడి ఇంకా అలాగే ఉంది. వచ్చి చూసుకోమను."

సార్జెంట్ ఎవర్నీ వెళ్లమనలేదు. నెస్టరే దిగాడు. "చూసొస్తాను" అని ఆవిడ వెనకే ముళ్లతీగ కింద దూరాడు. నాకు వెళ్లాలని ఏమాత్రం లేదు. కానీ వాళ్లిద్దరికీ మాట అందించాలంటే నేనుండాలి. దూరాను.

పొలం మధ్య పల్లంగా ఉండటం వల్ల మిట్ట మీది ఫిరంగికి మేము కనబడం. ఒనొరీన్ పశువుల్ని తోలుకెళ్తున్నంత మామూలుగా ముందు నడిచింది. ఆవిడ అడుగుల్లో నెస్టర్, నెస్టర్ అడుగుల్లో నేను. చక్రాల గాడి చూపించింది. నెస్టర్ మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని గుప్పిట పట్టి లాగాడు. చిన్న పెళ్ల ఊడి వచ్చింది. దాన్ని తిరగేసి వేళ్లు చూశాడు. కత్తితో జానెడు లోతు తవ్వి మట్టి నలిపాడు, వాసన చూశాడు, నాలిక మీద కూడా వేసుకున్నాడు. పొద్దుటిదాకా బకెట్‌లో తల పెట్టుకున్న మనిషి ఇతనేనా అనిపించింది.

"దున్ని ఎన్నాళ్లయిందో అడుగు."

"మా ఆయన పోయిన దగ్గర్నుంచి దున్నలేదు. పదకొండేళ్లు" అంది ఆవిడ.

"నిజమే. ఇది చూడు, వేళ్లు జడ అల్లినట్టు అల్లుకుని ఉన్నాయి. పార పడితే ఈ అల్లిక తెగుతుంది. మళ్లీ ఇలా కలవాలంటే రెండు మూడేళ్లు కావాలి." నెస్టర్ కత్తి మొనతో గుంత అడుగు చూపించాడు. "ఇంకోటి. జానెడు కింద తెల్ల సున్నపు మట్టి. ఎక్కడ తవ్వినా అది పైకి రావాలి. బోర్డుల కర్రలు చూడు, ఒక్కొక్కదాని మొదట్లో తెల్లగా ఉందా? మిగతా పొలంలో చిటికెడైనా ఉందేమో వెతుకు."

ముగ్గురం వంగి నడుచుకుంటూ గాడి వెంట చివరి దాకా వెళ్లొచ్చాం. ఎక్కడా తెలుపు లేదు. మధ్యలో నెస్టర్ ఆగి, ఆ పల్లంలో నీళ్లు నిలుస్తాయా అని అడిగాడు. నిలుస్తాయంది. అలాగైతే అక్కడ ఓట్స్ పైరు వెయ్యమన్నాడు. మా ఆయన ఉన్నప్పుడు వేశాం, కుళ్లిపోయిందంది. తలల మీంచి గుండ్లు పోతుంటే వాళ్లిద్దరి ఓట్స్ పంచాయితీకి నేను నడుమ దుబాసీని.

తిరిగొచ్చాక సార్జెంట్ ఒకటే అడిగాడు. "ఎంత ఖాయం?"

"మా నాన్న పొలమైనా ఇంతకంటే ఖాయంగా చెప్పలేను."

"పొరపాటైతే?"

"పేలేది నా కాళ్ల కిందే కదా సార్జెంట్. ముందు కూర్చునేది నేనే."

హ్యాదర్లీ ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత మావైపు తిరిగి, "డ్రైవరూ నేనూ చాలు. పొలం దాటాక మీరు ఎక్కుదురుగాని. దిగండి" అన్నాడు. మా గన్నర్ గోర్డ్ వినబడనట్టు దూరదర్శిని తుడుచుకుంటూ కూర్చున్నాడు. డ్రైవరు పక్క కుర్రాడు తన మూత మూసేసుకున్నాడు. నేను పైకెక్కి రేడియో పట్టుకుని ఏదో సరిచేస్తున్నట్టు నటించాను. సార్జెంట్ రెండోసారి చెప్పలేదు.

ఇంజను మోత లేవగానే ఒనొరీన్ ముళ్లతీగ తొక్కి ట్యాంకు ముందు నిలబడింది.

"ఆవిణ్ణి ఇంట్లోకి పొమ్మను!" అని అరిచాడు సార్జెంట్.

"పొలం నాది, దారి చూపించేదీ నేనే. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?" అంది, వెనక్కి తిరక్కుండా.

సార్జెంట్ కిందికి దూకి వెళ్లి ఆవిడ పక్కన నడిచాడు. చేయి ఎత్తి, కుడికి, ఎడమకి అని వేళ్లతో చూపిస్తుంటే నెస్టర్ ఆ గాడిలోంచి వేలెడు కూడా పక్కకి పోనివ్వకుండా తోలాడు. నేను పైన మూతలోంచి చూస్తున్నాను. ముప్పై టన్నుల ఇనుము రెండు వీపుల వెనక మనిషి నడకతో పాకుతోంది. పట్టాల కింద పచ్చిక చిరిగి, మా వెనక రెండు తెల్లటి చారలు పడుతున్నాయి. రెండొందల గజాలు.

చివర్న గట్టు, గట్టు మీద పొద. సార్జెంట్ చేయి పిడికిలి బిగించి ఆపాడు. పొద సందులోంచి రాతితో కట్టిన పశువుల కొట్టం పక్క గోడ కనబడింది. పెద్ద తలుపు సగం తీసి ఉంది. అందులోంచి ఫిరంగి గొట్టం రోడ్డువైపు చూస్తోంది. మమ్మల్ని చూడటం లేదు.

సార్జెంట్ పైకెక్కబోతూ అడగమన్నాడు, అడిగాను. "ఆ కొట్టం ఎవరిదమ్మా? లోపల మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"కొట్టం నాదే. మా మనుషులెవరూ లేరు. రెండు దూడలున్నాయి" అంది ఆవిడ. "కొట్టండి."

సార్జెంట్ కదలకుండా ఆవిడ వంక చూస్తూ నిలబడ్డాడు.

"నా మొహంలో ఏముంది? ఫిరంగి అటు ఉంది" అంది.

ఆవిణ్ణి గట్టు కింద పడుకోబెట్టి ట్యాంకుని గట్టు మీదికి ఎక్కించాం. నేను గుండు నింపాను. గోర్డ్ పేల్చాడు. మొదటిది గోడ మూల కొట్టింది. జర్మన్లు ఫిరంగిని మావైపు తిప్పేలోపే రెండోది తలుపులోంచి లోపలికి వెళ్లింది. మూడోదానికి కప్పు కూలింది. దుమ్ములోంచి ఆరుగురు చేతులెత్తి దగ్గుతూ బయటికి వచ్చారు.

ఆ తర్వాత పొలంలోకి చూశాను. కార్వెల్ మనుషులు నూట ఇరవై మంది మా పట్టాల చారల్లోనే అడుగు మీద అడుగు వేస్తూ రెండు వరసల్లో వస్తున్నారు. వాళ్ల వెనక ఒక ట్యాంకు, దాని వెనక ఇంకొకటి. సముద్రం దాకా ఆగిపోయిన వరస మళ్లీ ప్రవహించడం మొదలైంది. ఒనొరీన్ దగ్గరికి రాగానే కార్వెల్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. తల వంచి దాటి వెళ్లాడు. వెనకున్నవాళ్లలో చాలామంది అదే చేశారు.

ఆవిడ వాళ్లని చూడటం లేదు. పొగలోకి వెళ్లి ఒక దూడని మెడ పట్టి ఈడ్చుకొచ్చింది. రెండోది దక్కలేదు. ఆ దూడ చెవి కాలింది. నెస్టర్ దిగి వెళ్లి మా దగ్గరున్న కాలిన గాయాల మందు దానికి రాశాడు. ఆవిడ ఇంట్లోంచి ఆపిల్ సారా కూజా తెచ్చి అందరికీ తలో గుక్క ఇచ్చింది, నెస్టర్‌కి మాత్రం రెండు.

"ఇలాంటివాడు ట్యాంకులో ఏం చేస్తున్నాడు?" అని నన్నడిగింది.

నెస్టర్‌కి చెప్పాను. "నేనూ రోజూ అదే అడుక్కుంటున్నానని చెప్పు" అన్నాడు.

సాయంత్రానికి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి వెళ్లాం. పండబోతున్న గోధుమ చేలల్లోంచి పోవాల్సి వచ్చిన ప్రతిసారీ నెస్టర్ తన ఇంటి భాష ఉక్రేనియన్‌లో తిట్టుకుంటూనే ఉన్నాడు. ఒక తోపు పక్కన ఆగి అతను పట్టాలు బిగిస్తుంటే పదాతి సైనికుడొకడు వచ్చాడు.

"ఇందులో డ్రైవరెవరు?"

"నేనే. ఏం కావాలి?"

"ఏం లేదు. చూద్దామని వచ్చా" అని జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి పట్టా మీద పెట్టి వెళ్లిపోయాడు. కాసేపటికి ఇంకొకడు. తర్వాత ముగ్గురు కలిసి. చీకటి పడేలోపు పట్టా మీద పదకొండు పెట్టెలు చేరాయి. నెస్టర్ సిగరెట్ తాగడు.

"ఏమైందిరా వీళ్లకి?" అని ఇబ్బందిగా నన్నడిగాడు. పెట్టెలు నావైపు తోసి పానా తీసుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

వారం తర్వాత మందుపాతరలు తీసే దళం ఆ పొలమంతా గాలించిందని, ఒక్కటీ దొరకలేదని తెలిసింది. ఆపిల్ తోటలో నలభై మూడు తీశారట. ఆగస్టులో ఫలేజ్ ఊరి దారిలో సార్జెంట్ హ్యాదర్లీ చనిపోయాడు. కిందికి దిగి, గాయపడ్డవాణ్ణి ఎత్తుకొస్తుంటే తగిలింది. ఆయన జేబులో దొరికిన నోటు పుస్తకంలో జూన్ ఆరో తేదీ కింద రెండే మాటలున్నాయి: 'దిగమన్నాను. దిగలేదు.'

తర్వాత నాకు వేరే ట్యాంకు ఇచ్చి కమాండరుని చేస్తామన్నారు. రెండుసార్లు అడిగారు. నేను వెళ్లలేదు. యుద్ధం ముగిసేదాకా నెస్టర్ తోలిన ట్యాంకులోనే ఉన్నాను.